నాయన నోటికి రాసిన మాట

నేను కథలు రాస్తానని అందురూ అనుకుంటారు గానీ, నా బతుకులో సగం నేను రాసింది వేరేవాళ్ల నోళ్లకు సరిపోయే మాటలే. తమిళ సినిమాలో ఒకాయన నోరు తెరుస్తాడు, మూస్తాడు. ఆ తెరిచేదానికీ మూసేదానికీ అతికేటట్టు తెలుగు మాట రాయాల. దాన్నే డబ్బింగంటారు. పదారేండ్లు మద్రాసులో ఆ పని చేసినాను.

ప, బ, మ. ఈ అక్షరాలు పెదాలు మూయకుండా పలకవు. తెర మీద మనిషి పెదాలు మూసిన చోట మన మాటలో వీటిలో ఒకటి పడాల. మూయని చోట పడగూడదు. శబ్దం లేకుండా బొమ్మను మళ్లా మళ్లా తిప్పి చూసి, నోరు మూసిన చోటల్లా కాగితం మీద ఒక సున్న చుట్టుకొనేవాణ్ణి. ఆ సున్నలకు మాట కుదర్చాల. అర్థం అటూ ఇటూ అయినా ఎవురూ అడగరు. సున్న తప్పితే మాత్రం టాకీసులో చంటిపిల్లోడు గూడా నవ్వుతాడు.

అంతకుముందు చిత్తూరులో నాటకాలు రాసినాను. మా నాయన బస్సు డ్రైవరు. పలమనేరు, మదనపల్లె, వేలూరు, తిరుపతి, అన్ని దావలూ ముప్పై ఏండ్లు తోలినాడు. నాటకాలంటే ఆయనకు ఒళ్లుమంట. "మొగానికి రంగు పూసుకోని అరిసేది గూడా ఒక పనేనా" అనేవాడు. ఇరవై రెండేండ్లప్పుడు ఆయన డ్యూటీలో లేని రోజు చూసుకొని మద్రాసు బస్సెక్కినాను.

డబ్బింగు తగ్గిపోయినాక హైదరాబాదులో సీరియళ్లు రాసినాను. పొద్దున కోడల్ని అత్త తిట్టేది, సాయంత్రం ఆ ఇద్దరే పట్టుకోని ఏడ్చేది. ఒక ఆమెను మూడుసార్లు సంపి మూడుసార్లు లేపినాను. దోమల మీద గవర్నమెంటు వాళ్లకు చిన్న సినిమా రాసినాను, పట్టుచీరల అంగడికి ప్రకటనలు రాసినాను. సొంతంగా రెండు సినిమా కథలు గూడా రాసినాను. ఒకటి షూటింగ్ మొదలైన పదిరోజులకే నిలబడిపోయింది. రెండోది బయటికి వచ్చింది గానీ తెర మీద వేరే ఆయన పేరు పడింది. దాన్ని చిత్తూరు టాకీసులో నాయన పక్కన కూసోని చూసినాను. "నీ పేరు యాడరా?" అన్నాడు. "పడింది, నువ్వే సూళ్లేదు" అన్నాను. ఇంటికి వచ్చేదాకా తిరిగి తిరిగి నా మొగం చూస్తా వచ్చినాడు. నా అబద్ధం ఆయనకు తెలిసిపోయిందని నాకూ తెలుసు.

ఇప్పుడు తిరుపతిలో ఉంటాండాను. బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జీ పైన హాలు అద్దెకు తీసుకోని, శని ఆదివారాల్లో సినిమాకు రాసేది ఎట్లనో నేర్పిస్తాండాను. లాడ్జీ గుమాస్తా, ఆటో తోలే ఆయన, ఆసుపత్రి నర్సమ్మ, డిగ్రీ పిల్లోళ్లు, ఎప్పుడూ పదైదు మందికి తగ్గరు. కింద యాత్రికులు తడి గుండ్లతో గదులకు బేరమాడతా ఉంటారు. పైన నేను "ఈ సీన్లో ఈ మనిషికి ఏం కావాలయ్యా, అది చెప్పు ముందు" అని అరుస్తా ఉంటాను. నేను జాస్తి అరుస్తాను. నా కోపం మీద పిల్లోళ్లు వాట్సాప్‌లో ఏమేమో పంపుకుంటారని తెలుసు. పంపుకోనీ.

డబ్బింగు పాఠం వచ్చినప్పుడల్లా ఒక మాట చెప్పేవాణ్ణి. "ఆ మనిషి నిజంగా ఏమన్నాడో మనకు పనిలేదు. ఆ నోట్లో ఏం పడతాదో అదే మన పని." పిల్లోళ్లు దాన్ని పుస్తకాల్లో రాసుకొనేవాళ్లు. నాకూ గొప్పగా ఉండేది.

మా ఇంటి సంగతి చెప్పాల. నాకు ఒక తమ్ముడు. పన్నెండేండ్ల కిందట వాడు మాయమ్మను స్కూటరు మీద ఎక్కించుకోని చిత్తూరు నుంచి బంధువుల పెండ్లికి పోతాంటే, పూతలపట్టు దాటినాక బండి గుంతలో పడింది. వాడికి మోచెయ్యి గీసుకోనింది. అమ్మ తల రోడ్డుకు కొట్టుకోని ఆడికాడనే పోయింది. వాడు తాగి లేడు, జోరుగా గూడా పోలేదు. గుంత కనబళ్లేదు, అంతే.

నాయన ముప్పై ఏండ్లు బస్సు తోలి కోడిపిల్లను గూడా తొక్కని మనిషి. ఆయన లెక్కలో గుంత కనబళ్లేదనేది మాటే కాదు. దినాలు అయినాక తమ్మునితో మాట్లాడ్డం నిలిపేసినాడు. తిట్టలేదు, కొట్టలేదు. వాడు గడపలోకి వస్తే లేచి లోపలి గదిలోకి పొయ్యి తలుపేసుకొనేవాడు. వాడు పొయ్యినాక బయటికి వచ్చేవాడు. ఆయన్ను నేను తిరుపతికి తెచ్చుకున్నాక గూడా అదే తంతు. నేను ఎన్నోసార్లు చెప్పి చూసినాను. "నీకు తెలీదు, నువ్వు బండి తోలవు" అనేవాడు. తమ్ముడు మళ్లా బండి ముట్టలేదు. చిత్తూరు కాడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి నడిచే పొయ్యేవాడు. పెండ్లి చేసుకోలేదు. నెలకొకసారి బస్సులో మా ఇంటికి వచ్చి, మూసిన తలుపు వైపు చూసి, కాఫీ తాగి పొయ్యేవాడు. ఒకసారి "అన్నా, నన్ను కొట్టమని చెప్పు" అన్నాడు. 

పోయినేడు నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. నోరు ఎడమ పక్కకు లాగేసింది. ఊపిరి సరిగా ఆడక గొంతు కింద రంధ్రం పెట్టి గొట్టం వేసినారు. దాంతో శబ్దం రాదు, పెదాలు మాత్రం ఆడతాయి. తిండికి ముక్కులో ఇంగొక గొట్టం. ఆ గొట్టాలు పీకేస్తాడని బాగుండే ఎడమ చేతిని గుడ్డతో మంచానికి కట్టినారు. తెలివి మాత్రం చక్కంగా ఉండాది. మనం చెప్పేదంతా అర్థమైతాది.

ఆరో రోజు తమ్ముడు వచ్చినాడు. చెప్పులు చేత్తో పట్టుకోని వార్డులోకి వచ్చి మంచం కాళ్ల కాడ నిలబడినాడు. నాయన చూసినాడు. లేయబోయినాడు. నేను ఆ మనిషిని అంత కష్టపడంగా ఎప్పుడూ చూళ్లేదు. ఎడమ కాలు దుప్పటి కింద తన్నుకోనింది, మెడ నరాలు లేచినాయి, మిగతా ఒళ్లు కదల్లేదు. పదకొండేండ్లు లేచి పొయ్యిన మనిషికి ఆ రోజు పొయ్యేదానికి లోపలి గది లేదు. అప్పుడు నా వైపు తిరిగి నోరు ఆడించినాడు. ఒకసారి, మళ్లా ఒకసారి, మూడోసారి.

"ఏమంటాండాడన్నా?" అన్నాడు తమ్ముడు.

మా ఇంట్లో అందురికీ ఒక నమ్మకం, నేను పెదాలు చూసి మాట చెప్పేస్తానని. టీవీకి శబ్దం తీసేసి, అసెంబ్లీలో నాయకులు గుసగుసలాడేదానికి నేను మాటలు పెడతాంటే అందురూ పడీపడీ నవ్వేవాళ్లు. నిజానికి నాకు పెదాలు చదివేది రాదు, అతికించేది వచ్చు. ఆ రోజు మాత్రం చదివేదానికి ఏమీ కష్టం లేదు. వీణ్ణి పొమ్మను. ఆ మాటే, మూడుసార్లు. నాకు అనుమానం లేదు.

"'నీ తప్పేముందిరా' అంటాండాడు" అన్నాను.

తమ్ముని మీద జాలితో చెప్పినానని చెప్పుకోవచ్చు. మా ఇంటామెకు అట్లనే చెప్పినాను. జాలి ఉండాది, కాదనను. అయితే అంతకంటే ముందు వచ్చింది అలవాటు. వీణ్ణి అన్న చోట పెదాలు పక్కలకు సాగినాయి, అక్కడ 'నీ' సరిపోతాది. పొమ్మను అన్న చోట రెండుసార్లు మూసుకోనినాయి, అక్కడ 'తప్పేముంది' సరిపోతాది. రెండు సున్నలు, రెండు మూతలు. నోరు కనబడింది, మాట కుదిరింది, నా నోట్లోంచి వచ్చేసింది. మాట కుదిరినప్పుడు లోపల ఒక చిన్న సంతోషం పుడతాది, రాసేవాళ్లకు తెలుస్తాది అది. కన్న తండ్రి మంచం కాడ గూడా నాకు అది పుట్టింది. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసయ్యం.

తమ్ముడు నాయన కాళ్ల మీద పడి ఏడ్చినాడు. వాడు తల పెట్టింది కుడి కాలి మీద. అది పడిపోయిన కాలు, వాడి తల బరువు గూడా నాయనకు తెలిసి ఉండదు. నాయన వాణ్ణి చూళ్లేదు. నన్ను చూసినాడు. టాకీసు నుంచి ఇంటికి వచ్చేటప్పటి చూపు అది. నేను సెలైన్ సీసా వైపు తిరిగి అది ఎంత మిగిలిందో చూసినట్టు నటించినాను.

ఇంగ తమ్ముడు చిత్తూరికి పోలేదు. ఫ్యాక్టరీ పని వదిలేసినాడు. మూడు వారాలకు నాయన్ను ఇంటికి తెచ్చుకుంటే, మా ఇంట్లో ఆయన మంచం పక్కనే చాప వేసుకున్నాడు. మలమూత్రాలు తీసేది, ఒళ్లు తుడిచేది, గొంతు గొట్టంలో గల్ల తీసేది, అన్నీ వాడే. రాగిజావ పల్చగా కాంచి, వడపోసి, ముక్కు గొట్టంలో పోసేవాడు. నాయనకు వద్దనే దావ లేదు. నోరు గట్టిగా మూసుకోనినా ముక్కులోంచి పోతాది.

మొదట్లో నాయన రోజూ ఆ మాటే అనేవాడు. తమ్ముడు తడిగుడ్డ తెచ్చినప్పుడు, పక్క మార్చినప్పుడు, దువ్వెన తీసినప్పుడు, వీణ్ణి పొమ్మను. తమ్ముడు నెత్తిన పాలు పోసినట్టు మురిసిపొయ్యి, "సూడన్నా, మళ్లా అదే అంటాండాడు. సరే నాయనా, సరే, తెలిసింది లే" అనేవాడు. నాయన తల అడ్డంగా ఊపి, కట్టిన చేతిని గుంజేవాడు. వాడు ఏడవద్దంటాండాడనీ, దగ్గరికి పిలుస్తాండాడనీ అనుకోని ఆ చేతిని పట్టుకొనేవాడు. ఇంట్లో ఆ చేతికి గుడ్డ కట్టింది నేనే. నాయనకు అంత పెద్ద శిక్ష ఆయన శత్రువు గూడా వేసి ఉండడు. నేను వంటింటి గడపలో నిలబడి చూస్తా ఉంటిని. చెప్పేస్తే తమ్ముడు అక్కడికక్కడ కూలిపోతాడు. చెప్పకపోతే నాయన ఇట్ల. రోజూ రేపు చెబుదామనుకొనేవాణ్ణి.

నెల కాకముందే నాయన పెదాలు ఆడించడం మానేసినాడు. నాకే గాదు, ఎవురికీ ఏమీ చెప్పడు. నీళ్లు కావాలన్నా, పక్క మార్చాలన్నా గోడను చూస్తా పండుకోని ఉంటాడు.

ఆ వారమే క్లాసులో డబ్బింగు పాఠం. నేను మామూలుగా చెప్పేదే చెప్పినాను, ఆ మనిషి నిజంగా ఏమన్నాడో మనకు పనిలేదని. నర్సమ్మ చెయ్యెత్తింది. ఆమె పనిచేసేది ఐసీయూలో. మా నాయన సంగతి ఆమెకు తెలీదు.

"సార్, మా కాడ గొంతుకు గొట్టం వేసినోళ్లు పెదాలతోనే చెప్తారు. మేము ఊహించుకోని చెప్తాం. ఒకసారి తప్పు చెప్తే తల అడ్డంగా ఊపుతారు, రెండుసార్లు ఊపుతారు. మళ్లా మళ్లా తప్పే చెప్తే ఇంగ చెప్పేదే మానేస్తారు సార్. కండ్లు మూసుకుంటారు. అట్లా మానేసినోళ్లు తొందరగా పోతారు."

"ఇది సినిమా క్లాసమ్మా, ఆసుపత్రి గాదు" అని అరిచినాను. "ఏడ్చే కథలు చెప్పేదుంటే బయట చెప్పుకో. లేయ్." ఆమె సంచీ తీసుకోని మెట్లు దిగి పోయింది. మిగతా వాళ్లు తలలు వంచుకోని కూసున్నారు. నేను చాక్‌పీసు తీసుకోని బోర్డు మీద ఏమో రాసినాను, ఏం రాసినానో గుర్తు లేదు. ఆమె మళ్లా రాలేదు. ఫోన్ చేసి తప్పైపోయింది తల్లీ అని చెప్పాలనుకోని చెయ్యలేదు. మొహం చెల్లలేదు.

మర్నాడు తమ్ముడు స్నానానికి పొయ్యినప్పుడు నాయన పక్కన కూసోని చేతి కట్టు ఇప్పినాను. "నాయనా, నేను తప్పు చేసినాను. నువ్వు పొమ్మన్నావు. నేను వాడికి వేరే మాట చెప్పినాను. ఇప్పుడు వాడు రాంగానే నిజం చెప్పేస్తాను. చెప్పమంటావా?" అని అడిగినాను. నాయన చాలాసేపు నన్ను చూసినాడు. ఇప్పిన చేతిని గొట్టాల మీదికి గూడా తీసుకుపోలేదు. పెదాలు కదపలేదు. కండ్లు మూసుకున్నాడు. అది చెప్పమనో, వద్దనో, నీతో నాకు మాటలేందిరా అనో. నోళ్లకు మాటలు రాసి బతికినోణ్ణి, ఆ ముఖంలో ఒక్క మాట గూడా నాకు దొరకలేదు. బాత్రూములో నీళ్ల శబ్దం ఆగింది. తమ్ముడు తల తుడుచుకుంటా వచ్చి, "కట్టు ఇప్పినావా, మంచిపని చేసినావన్నా" అన్నాడు. నేను ఇప్పిన గుడ్డను మడతబెట్టి లేచినాను.

ఆ తర్వాత పదమూడు రోజులకు, ఒక ఆదివారం, నేను క్లాసులో ఉండంగా నాయన పోయినాడు. ఇంటికి వచ్చేసరికి అరుగు మీద తమ్ముడు కూసోని ఉండినాడు. ఏడ్చి ఏడ్చి కండ్లు ఉబ్బినాయి గానీ ముఖం తేటగా ఉండాది. పదకొండేండ్లలో వాడి ముఖం అట్ల చూళ్లేదు.

"పొయ్యే ముందు నాతో మాట్లాడినాడన్నా" అన్నాడు. "జావ పోసి, మూతి తుడస్తాంటే నా వైపు తిరిగినాడు. నీ వైపు గాదు, గోడ వైపు గాదు, నా వైపే. అదే మాట చెప్పినాడు. రెండుసార్లు చెప్పినాడు. ఆ తర్వాత అర్ధగంటకు ఊపిరి నిలిచిపోయింది."

 ఎన్నో రోజులుగా ఆడని పెదాలు. "ఎట్ల చెప్పినాడురా? చేసి చూపీ" అన్నాను.

వాడు చూపించినాడు. పెదాలు పక్కలకు సాగినాయి, నోరు తెరుచుకోనింది, మళ్లా రొంత గుండ్రంగా అయింది, మళ్లా తెరుచుకోనింది. ఒక్కసారి గూడా మూసుకోలేదు.

"మధ్యలో పెదాలు మూసినాడా? యాడన్నా ఒకచోట?"

"లేదన్నా. మూయలేదు. నేను మూతి తుడస్తాండాను గదా, బాగా చూసినాను. పండ్లు కనిపిస్తానే ఉండినాయి."

మూయలేదు. అంటే అది పొమ్మను గాదు. నేను పెట్టిన తప్పేముంది గూడా గాదు. అది వేరే మాట. నెలా పదిరోజులు వాడి చేత కడిగించుకోని, తుడిపించుకోని, చివరికి నాయన వాడి వైపే తిరిగి, పదకొండేండ్లలో మొదటిసారి, నేరుగా వాడికే ఒక మాట చెప్పినాడు.

లోపల నాయన పక్కన మా ఇంటామె దీపం పెడతా ఉండాది. వీధిలో జనం చేరతా ఉండారు. నేను ఆ అరుగు మీద నిలబడి సున్నలు లేని మాటలు వెతికినాను. ఈడే ఉండరా. అది సరిపోతాది. ఇంగ సావనీరా. అదీ సరిపోతాది. తిన్నావా రా. ఇంగ చాలురా. అన్నీ సరిపోతాయి. వాడు చేసి చూపించిన నోట్లో ఏది పెట్టినా పడతాది.

"ఏమన్నా, అదే గదా?" అన్నాడు తమ్ముడు.

అది గాదు అని చెబితే, అదేందో చెప్పాల. అదేందో చెబితే, ఆ రోజు వార్డులో నేను చెప్పింది నాయన మాట గాదని చెప్పాల. వాడు నా ముఖంలోకి చూస్తాండాడు.

"అవున్రా" అన్నాను. "అదే."

వాడు వచ్చినోళ్లందరికీ ఆ మాట చెప్పినాడు. పాడె కట్టేవాళ్లకు చెప్పినాడు, చిత్తూరు నుంచి వచ్చిన నాయన పాత కండక్టరుకు చెప్పినాడు. దినాలు అయినాక, ఊరికి పోతా పోతా బస్టాండులో నాకే ఇంగొకసారి చెప్పినాడు. నాయన చివరి మాట చూసింది వాడొక్కడే. ఆ మాట వాడికి తెలీకుండా చేసింది నేను.